విశాఖలో ఏ బీచ్‌కి వెళ్లాలి? మీతో ఎవరొస్తున్నారో ముందు చెప్పండి

డిసెంబరు వచ్చిందంటే మా ఇంట్లో ఫోను ఆగదు. వరంగల్ నుంచి అక్క, విజయవాడ నుంచి పిన్ని కూతురు, హైదరాబాద్ నుంచి పాత ఆఫీసు స్నేహితులు, అందరిదీ ఒకటే ప్రశ్న: "వైజాగ్ వస్తున్నాం, ఏ బీచ్ బాగుంటుంది?" మొదట్లో నాకు నచ్చిన పేరు చెప్పేసేదాన్ని. ఇప్పుడు చెప్పను. ముందు నేనే రెండు ప్రశ్నలు అడుగుతాను. మీతో ఎవరెవరు వస్తున్నారు? బీచ్‌లో ఏ వేళకి ఉంటారు? ఈ రెండూ తెలిస్తే బీచ్ పేరు దానంతట అదే తేలిపోతుంది.

ఇలా అడగడం అక్క వాళ్లు మొదటిసారి వచ్చినప్పుడు నేర్చుకున్నాను. అక్క, బావగారు, బావగారి అమ్మగారు, ఇద్దరు పిల్లలు. ఫొటోల్లో చూసి యారాడే కావాలన్నారు. నేనూ సరే అన్నాను. తీరా అక్కడికి చేరాక, బండి ఆపిన చోటు నుంచి ఇసుకలో పది అడుగులు వేసేసరికి అత్తయ్యగారికి మోకాళ్లు సహకరించలేదు. మధ్యాహ్నం రెండు గంటల ఎండ. ఆవిడ ఓ కొబ్బరిచెట్టు నీడన కూర్చుండిపోయారు. పిల్లలు నీళ్లలోకి పరుగెత్తారు, వాళ్ల వెనక అక్క, అక్క వెనక నేను. చిన్నవాడు ఉన్నది మోకాలి లోతులోనే. వెనక్కి మళ్లిన కెరటం వాడి కాళ్ల కింద ఇసుకని లాగేసింది. వాడు కూలబడ్డాడు, అంతలో తర్వాతి కెరటం వాడి మీద నుంచి పోయింది. బావగారు చెయ్యి పట్టి లాగారు. రెండు గుక్కల ఉప్పునీళ్లు, పది నిమిషాల ఏడుపు, అంతే. కానీ ఆ రోజంతా అక్క టెన్షన్ తగ్గలేదు, అత్తయ్యగారికి సముద్రం చూసిన తృప్తీ దక్కలేదు.

మర్నాడు పొద్దున్నే అందరినీ ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లాను. రోడ్డు పక్కన గట్టు మీద కూర్చుని అత్తయ్యగారు సూర్యోదయం చూశారు. చేతులు జోడించి దణ్ణం పెట్టుకున్నారు. "ఇంత దగ్గర్లో పెట్టుకుని నిన్న అంత దూరం ఎందుకు తిప్పావమ్మా" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే.

తీరం రెండు ముక్కలు

పేర్లలోకి వెళ్లేముందు ఒక సంగతి తెలుసుకుంటే మీకు సగం రోజు కలిసొస్తుంది. డాల్ఫిన్ నోస్ అనే కొండ సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చి మన తీరాన్ని రెండు ముక్కలు చేస్తుంది. దాని చాటునే ఓడరేవు. 1933లో మొదలైన రేవు అది. ఆ కొండకి ఉత్తరాన ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా దాదాపు 25-30 కిలోమీటర్లు ఒకే రోడ్డు, కుడిచేతి వైపు సముద్రం వదలకుండా వస్తుంది. దక్షిణాన యారాడ, గంగవరం, అప్పికొండ. వీటిలో ఒక్కోదానికి ఒక్కో దారి.

ఆర్కే బీచ్‌లో నిలబడి చూస్తే యారాడ ఆ కొండ వెనకే ఉన్నట్టుంటుంది. కానీ మధ్యలో హార్బరు ఉంది కాబట్టి ఊరు చుట్టి, సింధియా, మల్కాపురం మీదుగా వెళ్లి, కొండ ఎక్కి దిగాలి. అందుకని యారాడనీ భీమిలినీ ఒకే రోజులో పెట్టుకోకండి. రెండూ చూశామంటారు గానీ నిజానికి చూసేది ట్రాఫిక్‌నే.

చూసే బీచ్ వేరు, దిగే బీచ్ వేరు

ఈ ఒక్క విషయం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే ఏటా మన తీరంలో ప్రాణాలు పోయేది ఇక్కడే. ఎక్కువగా బయటి ఊళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లు, అందులోనూ ఈత వచ్చినవాళ్లు.

చెరువులో ఈత వేరు, బంగాళాఖాతంలో ఈత వేరు. మన బీచుల్లో చాలాచోట్ల ఒడ్డు వాలుగా ఉంటుంది. నాలుగు అడుగులు వేస్తే నడుము లోతు, ఇంకో రెండు వేస్తే కాలికి నేల అందదు. ఇది సగం ప్రమాదం. మిగతా సగం గురించి నాకు చెప్పింది పెదజాలారిపేటలో ఒక పెద్దాయన. చేపలకని తెల్లవారుజామున వెళ్లాను. ఆయన పడవ నీడన కూర్చుని, వల అంచుని కాలి బొటనవేలికి తగిలించి బిగించుకుని, తెగిన కళ్లు అల్లుకుంటున్నారు. ఎదురుగా సముద్రంలో ఒకచోట మాత్రం కెరటాలు లేకుండా నునుపుగా ఉంది. అటూ ఇటూ తెల్లటి నురగ, మధ్యలో సందులాగా ముదురు రంగు నీళ్లు. "అక్కడ బాగా నెమ్మదిగా ఉంది కదా తాతా, పిల్లలు అక్కడ దిగొచ్చేమో" అన్నాను. ఆయన తలెత్తి చూసి అన్నారు: "కెరటం ఇరిగే కాడ బయపడతారు గానీ అమ్మా, ఇరగని కాడే బయపడాల. ఒడ్డుకొచ్చిన నీలన్నీ తిరిగెల్లే దారి అదే."

ఆ తర్వాత చదివితే తెలిసింది, ఆయన చెప్పింది అక్షరాలా శాస్త్రమేనని. కెరటాలు ఒడ్డుకి తెచ్చిన నీళ్లు మళ్లీ వెనక్కి పోవాలి. ఇసుక మేటల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ నుంచి ఒక కాలవలా జోరుగా లోపలికి పోతాయి. ఆ సందులో లోతు ఎక్కువ కాబట్టి అక్కడ కెరటం విరగదు. కొత్తవాళ్ల కంటికి అదే సురక్షితంగా కనిపిస్తుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. ఆర్కే బీచ్‌లోనూ, రుషికొండలోనూ ఇవి ఏర్పడతాయి. ఒకే చోట ఉండవు, ఇసుక జరిగినట్టల్లా అవీ జరుగుతాయి. నిన్న బాగున్న చోటు ఇవాళ బాగుంటుందని అనుకోవడానికి లేదు.

అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకూడదు. ఎంత గజ ఈతగాడైనా ఆ ప్రవాహానికి ఎదురీదితే అలిసిపోతాడు. ఒడ్డుకి సమాంతరంగా, పక్కకి ఈదాలి. ఆ కాలవ వెడల్పు పెద్దగా ఉండదు, పక్కకి బయటపడ్డాక కెరటాలే ఒడ్డుకి తోస్తాయి. ఈదలేకపోతే తేలుతూ చెయ్యి పైకెత్తి అరవాలి. ఒడ్డున ఉన్నవాళ్లు కాపాడదామని వెంటనే దూకకండి. ఒకరి కోసం దూకి ఇంకొకరు పోయిన సంఘటనలు మనకి కొత్త కాదు. తాడో, టైరు ట్యూబో, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యానో విసిరి, లైఫ్‌గార్డుని పిలవండి. వచ్చే ముందు రోజు, సముద్రం ఎలా ఉండబోతోందో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే జాతీయ కేంద్రం) ఇచ్చే పెద్ద కెరటాల హెచ్చరికలు ఒకసారి చూసుకోండి. అక్కడ ఎరుపు కనిపిస్తే ఆ రోజు గట్టు మీదే.

కాబట్టి నా లెక్క ఇది: ఈ తీరంలో నీళ్లలోకి దిగాలని గట్టిగా అనుకుంటే రుషికొండ, అది కూడా లైఫ్‌గార్డులు ఉన్న వేళల్లో, వాళ్లు చూపించిన హద్దులోపల. మిగతావన్నీ కాళ్లు తడుపుకుని, కళ్లారా చూసి రావాల్సినవి. యారాడ, అప్పికొండ, గంగవరం, మంగమారిపేటల్లో నేను మా పిల్లల్ని చీలమండ దాటనివ్వను.

ఆర్కే బీచ్: చులకనగా చూడకండి

రద్దీ ఎక్కువ, ఊరి మధ్యలో ఉంది, చెత్త ఉంటుంది అని ఆర్కే బీచ్‌ని పక్కన పెట్టేవాళ్లు ఉన్నారు. సాయంత్రం ఆరున్నరకి, అదీ ఆదివారం వెళ్తే వాళ్ల మాట నిజమే. కానీ అదే బీచ్‌కి తెల్లవారుజామున వెళ్లి చూడండి. వాకర్ల కోసం రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు. యోగా చేసేవాళ్లు, నడిచేవాళ్లు, చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుక మీద పరుగెత్తే పిల్లలు, అక్కడక్కడ రాగిజావ అమ్మే బండ్లు. ఎదురుగా హార్బరు బయట వరస కట్టి నిలబడ్డ ఓడలు. వాటి దీపాలు ఒక్కోటీ ఆరిపోతుంటే అటు పక్క నుంచి పొద్దు పొడుస్తుంది.

పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి దీనికి సాటి వచ్చేది లేదు. రోడ్డు పక్కనే దిగొచ్చు, ఇసుకలో నడవక్కర్లేదు, కూర్చోవడానికి గట్టు ఉంది, పక్కనే కాళీమాత గుడి ఉంది, ఎదురుగా రామకృష్ణ మిషన్ ఆశ్రమం. బీచ్‌కి ఆ పేరు వచ్చింది ఆశ్రమం వల్లే.

పిల్లలు ఉంటే మాత్రం మధ్యాహ్నం దాటాక వెళ్లండి, కురుసుర కోసం. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన అసలైన జలాంతర్గామి అది. 91 మీటర్ల పొడవు. నీళ్లలోంచి ఇసుక మీదికి లాగి, 2002లో మ్యూజియం చేశారు. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి ద్వారంలోంచి ఒంగి దాటాలి. మా అక్క కొడుకు అక్కడ ఒక బెర్తు చూసి, "ఇందులో కాళ్లు చాపుకుని ఎలా పడుకునేవాళ్లు పిన్నీ?" అని అడిగాడు. ఆ ప్రశ్నకి లోపల ఉన్న గైడు ఓపిగ్గా చెప్పిన జవాబు వాడు బళ్లో అందరికీ చెప్పాడట. గైడుల్లో నౌకాదళంలో పనిచేసి వచ్చినవాళ్లు ఉంటారు, అడిగితే బోలెడు చెబుతారు. సోమవారం మూసి ఉంటుంది, గుర్తుపెట్టుకోండి. రోడ్డుకి అవతల టీయూ-142 యుద్ధవిమానం, కాస్త దూరంలో 1971 యుద్ధ స్మారకం. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఆ డిసెంబరులో మునిగింది ఈ తీరానికి దగ్గర్లోనే. పిల్లలకి ఈ మూడూ కలిపి చెబితే ఒక పాఠం అవుతుంది. అత్తయ్యగారిలాంటివాళ్లకి మాత్రం కురుసుర వద్దు. ఆ ద్వారాలు, ఆ మెట్లు మోకాళ్లకి కష్టం.

ఈ బీచ్ గురించి ఒక బాధ కూడా చెప్పాలి. నా చిన్నప్పుడు ఉన్నంత ఇసుక ఇప్పుడు లేదు. మన తీరం వెంట ఇసుక ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి ప్రయాణిస్తుంది. హార్బరు గోడలు దాన్ని మధ్యలో ఆపేస్తాయి. అందుకే రేవు దగ్గర పేరుకున్న ఇసుకని తవ్వి, ఓడలతో తెచ్చి ఇక్కడ పోస్తుంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక కోత ఎంతగా కనిపించిందో ఊళ్లో అందరికీ తెలుసు. వానాకాలంలో వచ్చి "బీచ్ ఇంతేనా?" అని తేల్చేయకండి. ఆ నెలల్లో కెరటాలు ఇసుకని లాక్కుపోతాయి.

తినడానికి సాయంత్రం ముంత మసాలా, మురీ మిక్చరు. ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర సన్నగా తరిగి, నిమ్మకాయ పిండి, కాగితం పొట్లంలో పోసిస్తారు. గాలికి మెత్తబడకముందే తినేయాలి.

రుషికొండ దాకా

ఆర్కే నుంచి ముందుకి వెళ్తే లాసన్స్ బే. పక్కనే పెదజాలారిపేట. బీచ్ కంటే పొద్దున పడవలు ఒడ్డుకి చేరే దృశ్యం చూడదగ్గది. కోనెం, చందువా, కానాగంతలు అక్కడే బేరమాడి కొనుక్కోవచ్చు. ఊరివాళ్ల పని మధ్యలోకి కెమెరాలు దూర్చకుండా, అడిగి ఫొటో తీసుకోండి.

తెన్నేటి పార్కు బీచ్ కాదు, కైలాసగిరి కింద రాళ్ల మీద కట్టిన తోట. విశాఖ ఉక్కు ఉద్యమంలో ముందు నిలిచిన తెన్నేటి విశ్వనాథం గారి పేరు పెట్టారు. 2020 అక్టోబరు వాయుగుండంలో బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి కొట్టుకొచ్చి ఇక్కడి రాళ్లకి ఆనుకుని ఆగిపోయింది. ఊరు ఊరంతా వచ్చి చూసింది. పెద్దవాళ్లతో ఒక అరగంట బెంచీ మీద కూర్చోవడానికి మంచి చోటు. రాళ్ల మీదకి మాత్రం దిగొద్దు, పాచి జారుడు.

జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ నిశ్శబ్దంగా ఉంటాయి. చలికాలం చివర్లో సముద్ర తాబేళ్లు, ఆలివ్ రిడ్లీలు, రాత్రిపూట గుడ్లు పెట్టడానికి ఈ ఇసుకకే వస్తాయి. అటవీశాఖవాళ్లు గుడ్లు సేకరించి కంచె వేసి పొదిగిస్తారు. పిల్లలు బయటికొచ్చే రోజున సముద్రంలోకి వదలడం చూసే అవకాశం వస్తే పొద్దున్న నిద్ర మానుకునైనా వెళ్లండి. అరచేతిలో పట్టేంత తాబేలు పిల్ల, తడి ఇసుక మీద తన కంటే పెద్ద గీతలు గీసుకుంటూ నీళ్ల వైపు పాకడం నేను ఒకసారి చూశాను. మొదటి కెరటం వెనక్కి తోసేసింది, రెండోదీ తోసేసింది, మూడోదానికి వెళ్లిపోయింది. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్లు ఆ ఇసుక మీద బళ్లు నడపడం, లైట్లు వేయడం దయచేసి చేయకండి.

ఇక రుషికొండ. ఊరి నడిబొడ్డు నుంచి పదీ పన్నెండు కిలోమీటర్లు. 2020లో మన దేశంలో మొదటిసారి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన ఎనిమిది బీచుల్లో ఇది ఒకటి. నీటి నాణ్యత, శుభ్రత, భద్రత, సదుపాయాలు అన్నీ చూసి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు అది. 2025 మొదట్లో కొన్నాళ్లు ఆగి, మళ్లీ వచ్చింది. బట్టలు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు, లైఫ్‌గార్డులు, కయాకింగ్, సర్ఫింగ్ నేర్పేవాళ్లు ఉన్నారు. ఆడవాళ్లు, పిల్లలు ఉన్న కుటుంబానికి బట్టలు మార్చుకునే గది ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. కాలేజీ స్నేహితులు, కొత్తగా పెళ్లయిన జంట, పదేళ్లు దాటిన పిల్లలు ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని దీన్నే ఎంచుకోవచ్చు. పొద్దున ఎనిమిదిలోపు వెళ్తే మంచిది. పది దాటాక ఇసుక కాలుతుంది, సెలవు రోజుల్లో బండి పెట్టడానికే చోటు దొరకదు.

భీమిలి దారి

నన్నడిగితే విశాఖలో అసలైన అందం బీచుల్లో కంటే ఈ దారిలో ఉంది. తూర్పు కనుమలు సముద్రం దాకా వచ్చి ఆగిన చోటు ఇది. ఎడమవైపు కొండ, కుడివైపు కెరటం. సొంత బండి లేకపోయినా ఫర్వాలేదు, 900కె సిటీ బస్సు బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా వెళ్తుంది. కుడివైపు కిటికీ సీటు దొరికేదాకా ఒక బస్సు వదిలేసినా నష్టం లేదు. ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా 2025లో మొదలైన డబుల్ డెక్కర్ ఎలక్ట్రిక్ బస్సులూ ఉన్నాయి, పిల్లలకి పై అంతస్తే సగం యాత్ర.

మంగమారిపేట దగ్గర సముద్రం కోసి చెక్కిన రాతి తోరణం ఉంది. ఆటు వేళ, అంటే నీళ్లు తగ్గినప్పుడు వెళ్తేనే దాని పూర్తి రూపం కనిపిస్తుంది. దాని మీద ఎక్కి ఫొటోలు దిగడం మానేయాలి. వేల ఏళ్ల రాయి, ఒక్క రీలు కోసం పగలకూడదు. రోడ్డుకి అవతల తొట్లకొండ. రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ భిక్షువులు వాననీళ్లు దాచుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లే ఆ కొండకి పేరు. సుమారు 128 మీటర్ల ఎత్తున నిలబడి కింద సముద్రాన్ని చూస్తే, వాళ్లు ఈ చోటునే ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. ఇసుక అంటే చిరాకు ఉన్నవాళ్లు ఇక్కడి నుంచే సముద్రం చూడొచ్చు.

భీమిలికి ముందు ఎర్రమట్టి దిబ్బలు. పేరు మట్టి అయినా అది ఇసుకే. సముద్రం వెనక్కి తగ్గిన కాలంలో గాలి ఎగరేసి పోసిన ఇసుక, వేల ఏళ్లలో ఇనుము పట్టి ఎర్రబడింది. వాన నీళ్లు దాన్ని లోయలుగా కోశాయి. జాతీయ భూవారసత్వ స్థలం ఇది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరింది. సాయంత్రం నాలుగు, నాలుగున్నర మధ్య వెలుగు ఏటవాలుగా పడినప్పుడు ఆ ఎరుపు చూడాలి. అంచుల మీద నడవకండి, కాలి కిందే విరిగిపడతాయి. అక్కడి నుంచి ఒక పిడికెడు మట్టి కూడా ఇంటికి తీసుకెళ్లొద్దు.

భీమిలి నాకు ప్రాణం. ఊరి అలికిడి లేని ఊరు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడ వర్తకం పెట్టారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయింది, దేశంలోనే పాతవాటిలో ఒకటి. లైట్‌హౌసు, పాత బంగళాలు, గంట స్తంభం, కాస్త నడిస్తే గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ. బొర్రా గుహల వైపు కొండల్లో పుట్టిన నీళ్లు ఇక్కడ ఉప్పు రుచి చూస్తాయి. మొగ దగ్గర స్నానాలు వద్దు. ఇసుక తిన్నెలు రోజుకో చోటుకి మారతాయి, లోతు తెలియదు.

ఈ ఇసుకలో అక్కడక్కడ నల్లటి చారలు కనిపిస్తాయి. మా అక్క కొడుకు ఆయిల్ పడిందేమో అన్నాడు. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం సంచీలో ఉంటే తీసి ఆ చార మీద తిప్పమన్నాను. మాగ్నెటైటు రేణువులు గడ్డంలా అంటుకుని లేచాయి. మిగతా నలుపు ఇల్మెనైటు, పక్కనే ఎర్రటి మెరుపు గార్నెట్లు. కొండరాళ్లు అరిగి, నదులు మోసుకొచ్చిన బరువైన ఖనిజాలు ఇవి. తేలిక ఇసుకని కెరటం తీసుకుపోతే ఇవి మిగిలిపోతాయి. వాడు ఆ రోజు సముద్రం వైపు చూడనేలేదు, అయస్కాంతంతో ఇసుక దువ్వుతూ కూర్చున్నాడు. పిల్లలతో వచ్చేవాళ్లు ఒక చిన్న అయస్కాంతం తెచ్చుకోండి.

మాటలు పంచుకోవడానికి వచ్చే దంపతులు, చరిత్ర ఇష్టమున్నవాళ్లు, ఒంటరిగా తిరిగేవాళ్లు భీమిలి ఎంచుకోవాలి. ఆటలు, సందడి కావాలంటే వద్దు.

కొండకి దక్షిణాన

యారాడ అందానికి వంక పెట్టలేం. మూడువైపులా పచ్చటి కొండలు, ఒకవైపు సముద్రం, వెనక కొబ్బరితోటలు. ఘాట్ రోడ్డు పైనుంచి మలుపు తిరిగేసరికి ఒక్కసారిగా మొత్తం బీచ్ కనిపించే క్షణం కోసమే వెళ్లొచ్చు. దారిలో నేవీ ప్రాంతాలు ఉన్నాయి, అక్కడ ఫొటోలు తీయకండి. కెరటాల లాగుడు ఎక్కువ, ఊరికి దూరం, ఏదైనా జరిగితే సాయం రావడానికి సమయం పడుతుంది. నడవగలిగేవాళ్లు, నీళ్లలో దిగకుండా ఉండగలిగేవాళ్లు పొద్దున ఏడింటికల్లా అక్కడ ఉండేలా వెళ్తే అది మరిచిపోలేని బీచ్. తాగేవాళ్ల గుంపుతో వెళ్లొద్దు. అక్కడ జరిగే విషాదాల్లో చాలావాటికి మొదలు అదే.

గంగవరం, అప్పికొండ గాజువాక వైపు, స్టీల్‌ప్లాంటుకి దగ్గర్లో. గంగవరం రాళ్లు, కొండ, ఫొటోలకి బాగుంటుంది. అప్పికొండలో ఇసుక తిన్నెల మధ్య సోమేశ్వరాలయం ఉంది. శివరాత్రికి జనం పోటెత్తుతారు, మామూలు రోజుల్లో గుడి, గాలి, మీరు. విజయవాడ వైపు నుంచి కారులో వచ్చి ఊళ్లోకి రాకుండా సముద్రం చూసి పోవాలనుకుంటే అనకాపల్లి జిల్లాలో పూడిమడక, రేవుపోలవరం ఉన్నాయి. కానీ రెండు రోజులకే వచ్చినవాళ్లకి నేను ఇవి చెప్పను.

ఏ వేళ, ఏ నెల

సముద్రంలో సూర్యాస్తమయం చూద్దామని వచ్చేవాళ్లు చాలామంది. మనది తూర్పు తీరం, పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది, కొండల వెనక వాలుతుంది. మనవైపు పొద్దు త్వరగా వాలుతుందని కూడా లెక్కలో పెట్టుకోండి. డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడటం మొదలవుతుంది. భోంచేసి, కాసేపు పడుకుని ఐదింటికి బయల్దేరితే మిగిలేది వీధిదీపాలే. మే, జూన్ నెలల్లో ఐదున్నరకి ముందే తెల్లారిపోతుంది, ఎనిమిదికి ఉక్కపోత మొదలు. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా తిరగొచ్చు. అక్టోబరు, నవంబరు మొదట్లో తుపాన్లు వస్తాయి, టికెట్లు కొనేముందు వాతావరణం చూసుకోండి.

అక్క వాళ్లు రెండోసారి వచ్చినప్పుడు మేం ఏం చేశామో చెబుతాను. మొదటిరోజు పొద్దున ఆర్కే బీచ్ గట్టు, ఇడ్లీ, మధ్యాహ్నం పిల్లలకి కురుసుర. అంతసేపూ అత్తయ్యగారు మా ఇంట్లో విశ్రాంతి. రెండోరోజు ఏడున్నరకి రుషికొండ. పిల్లలు బావగారి చెయ్యి వదలకుండా గంటసేపు నీళ్లలో ఆడారు. అక్కడి నుంచి భీమిలి, భోజనం, తిరుగుదారిలో దిబ్బల దగ్గర నాలుగింటి ఎండ. యారాడ జోలికి పోలేదు, ఎవరూ అడగనూలేదు.

వాళ్లు ఆ రెండోరోజునే ఎంచుకోవడం నా సలహా కాదు, కాకతాళీయం. అది పౌర్ణమి. ఆరింటికి ఆర్కే బీచ్‌కి తిరిగొచ్చేసరికి ఓడల వరస వెనక నుంచి చంద్రుడు లేస్తున్నాడు, ముందు రాగి చెంబు రంగులో, తర్వాత పసుపుగా, తర్వాత వెండిలా. నీళ్ల మీద ఒక బాట ఒడ్డుదాకా పరుచుకుంది. అత్తయ్యగారు గట్టు మీద నుంచి లేవనంటే లేవనన్నారు. అప్పటి నుంచి నేను అడిగే ప్రశ్నలు మూడయ్యాయి: ఎవరొస్తున్నారు, ఏ వేళకి, ఏ తేదీకి. రైలు టికెట్ బుక్ చేసేముందు క్యాలెండర్లో పౌర్ణమి ఎప్పుడో చూసి నాకు ఫోన్ చేయండి.